ఇంటిపేరు కాదు, ఇంటి నంబరు

మా అత్తగారి తాత ఏ ఊరివాడో కనుక్కోవడానికి రెండేళ్ళు పట్టింది, తీరా ఆ ఊరు వెళ్ళి చూసి రావడానికి ఆరు రోజులు. ఆరు రోజుల సంగతి రాయాలంటే ముందు ఆ రెండేళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

మా ఆయన వాళ్ళది పిట్స్‌బర్గ్. నేను రాజమండ్రి నుంచి చదువుకోవడానికి అక్కడికి వెళ్ళి, ఆ ఇంటి కోడలినై ఉండిపోయాను. అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్నగారి నాన్న హోమ్‌స్టెడ్ ఉక్కు ఫ్యాక్టరీలో కూలి. "హంగరీ నుంచి వచ్చాడు" అని ఇంట్లో అనుకుంటారు, ఆయన మాట్లాడింది మాత్రం స్లొవాక్. ఇందులో తిరకాసేమీ లేదు, 1918 దాకా ఇప్పటి స్లొవేకియా హంగరీ రాజ్యంలోదే, అందుకే ఆ కాలం కాగితాల్లో దేశం పేరు హంగరీ అని ఉంటుంది. అసలు చిక్కు ఊరి పేరు. అది తెలియకపోతే ఒక్క అడుగు ముందుకు పడదు, ఎందుకంటే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఊరి చర్చి పుస్తకాల్లోనే రాసేవాళ్ళు. 1903లో ఆయన దిగిన ఓడ జాబితాలో జాతి అన్న గడిలో "స్లొవాక్" అని చక్కగా ఉంది, ఊరి పేరు దగ్గర మాత్రం కోడి గీకినట్టు ఉంది. చివరికి అమెరికా పౌరసత్వం కోసం పెట్టుకున్న దరఖాస్తులో దొరికింది, 1906 చట్టం తర్వాతి దరఖాస్తు కాబట్టి పుట్టిన ఊరు రాయించారు: "కపొస్తఫలు".

అత్తగారు పకపకా నవ్వారు. "కపుస్తా అంటే క్యాబేజీ కదమ్మాయ్, మా నానమ్మ సూపు చేసేది. ఆ గుమాస్తా ఏం విన్నాడో ఏం రాసుకున్నాడో!"

గుమాస్తా ఇంచుమించు సరిగ్గానే రాశాడు. హంగేరియన్‌లో కాపొస్తా అంటే క్యాబేజీ, ఫాలు అంటే పల్లె. ఊరి అప్పటి పేరు కాపొస్తాఫాల్వా. మన లెక్కలో క్యాబేజీపాలెం! జర్మన్‌లో కాబ్స్‌డార్ఫ్, స్లొవాక్‌లో హ్రబుషిత్సె. ఒక్క ఊరికి మూడు పేర్లు, మూడూ తెలియాలి, ఏ కాగితంలో ఏది తగులుతుందో చెప్పలేం.

ఊరు తెలిశాక ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో పడ్డాం. స్లొవేకియా చర్చి పుస్తకాలు 1592 నుంచి 1935 వరకు అని ఒక పెద్ద సంకలనం ఉంది అందులో, పైసా ఖర్చు లేదు. అక్కడ ఆయన పేరుతో, అదే ఇంటిపేరుతో, రెండుమూడేళ్ళ అటూఇటూగా ఆ ఒక్క ఊళ్ళోనే ఆరుగురు పిల్లలు దొరికారు. ఇక బయల్దేరక తప్పలేదు.

మొదటి రోజు: కొషిత్సె

బుడాపెస్ట్‌లో విమానం దిగి, తూర్పు స్లొవేకియాలోని కొషిత్సెకి రైలెక్కాం. మూడున్నర గంటల పైనే ప్రయాణం. దారంతా పొద్దుతిరుగుడు చేలు, ఆగస్టు ఆఖరు కాబట్టి పువ్వులన్నీ నల్లబడి తలలు దించేసి ఉన్నాయి. కొషిత్సెలో సెయింట్ ఎలిజబెత్ కెథడ్రల్ చూశాం. స్లొవేకియాలో అన్నిటికంటే పెద్ద చర్చి అదే. అత్తగారు కొవ్వొత్తి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నారు, నేను బయట మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాను.

ఆవిడని ఆశ్చర్యపరిచింది చర్చి కాదు. ఊరి అవతల ఉన్న ఉక్కు కర్మాగారాన్ని 2000లో పిట్స్‌బర్గ్‌కి చెందిన యూఎస్ స్టీల్ కొనుక్కుంది. వాళ్ళ తాత పనిచేసిన హోమ్‌స్టెడ్ కూడా అదే కంపెనీది, 1986లో మూసేశారు, ఇప్పుడక్కడ షాపింగ్ కాంప్లెక్స్. "ఇక్కడే ఆగి ఉంటే పనే ఆయన దగ్గరికి వచ్చేది" అన్నారు. వందేళ్ళు ఆగాల్సి వచ్చేది అన్నాడు మా ఆయన.

హోటల్ కౌంటర్లో అమ్మాయితో అత్తగారు చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు స్లొవాక్ ముక్కలు వాడారు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. తప్పుగా మాట్లాడారని కాదట, వాళ్ళ ఊళ్ళో ముసలమ్మలు మాట్లాడినట్టే ఉందట. పుస్తకాల స్లొవాక్‌లో "ఏమిటి" అనడానికి చొ అంటారు, ఈ తూర్పు వైపు పల్లెల్లో త్సొ అంటారు, ఉక్కు ఫ్యాక్టరీలకి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఈ వైపు వాళ్ళే కాబట్టి పిట్స్‌బర్గ్ ఇళ్ళల్లో ఆ యాసే మిగిలిపోయింది.

రెండో రోజు: లెవొచా

హోర్నాద్ నది పక్కనే రైలు. ఈ లైన్ 1872కి పూర్తయింది. ఇక్కడి పల్లెల వాళ్ళు పెట్టె సర్దుకుని రైలెక్కి జర్మనీలో బ్రెమెన్‌కో హాంబుర్గ్‌కో చేరి ఓడెక్కేవాళ్ళు. అత్తగారు కిటికీ వదల్లేదు. స్పిష్స్కా నొవా వెస్‌లో దిగి బస్సులో లెవొచా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చుట్టూ కోటగోడ ఉన్న చిన్న ఊరు. చర్చిలో మాస్టర్ పావొల్ చెక్కిన చెక్క బలిపీఠం పద్దెనిమిదిన్నర మీటర్ల ఎత్తు, 1517లో పూర్తయింది, మెడ నొప్పెట్టేదాకా చూశాం. టౌన్‌హాల్ పక్కన ఇనప పంజరం ఉంది, వెనకటికి తప్పు చేసినవాళ్ళని అందులో నిలబెట్టి ఊరందరికీ చూపించేవాళ్ళట.

రాత్రి గదిలో మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. ఈ పేర్ల సంగతి కాస్త చెప్పాలి. పాదిరీ లాటిన్‌లో రాసేవాడు కాబట్టి పిల్లాడు యోహన్నెస్, హంగరీ గుమాస్తాకి యానోష్, ఇంట్లో యాన్, అమెరికాలో జాన్. నలుగురూ ఒక్కడే. ఇంటిపేరు ఇక్కడ రాయను గానీ "ష" శబ్దంతో మొదలవుతుంది. హంగేరియన్‌లో ఆ శబ్దానికి ఒట్టి ఎస్ చాలు, మామూలు "స" పలకాలంటే ఎస్ పక్కన జెడ్ పెట్టాలి. స్లొవాక్‌లో ఎస్ మీద చిన్న టోపీ, జర్మన్‌లో మూడక్షరాలు, అమెరికాలో రెండు. మన వాళ్ళు శ, ష, స కలిపేస్తారని తెలుగు మాస్టారు కొట్టేవాడు గానీ ఈ గోల ముందు మనదెంత! హంగేరియన్‌లో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత, అచ్చం మనలాగే. అక్కడ నేను తడుముకోలేదు, మా ఆయన మాత్రం మొదటి ఆరు నెలలూ ఇంటిపేరునే పేరనుకుని వెతికాడు.

ఇంకోటి, ఓడ దిగిన వలసవాళ్ళని తనిఖీ చేసే న్యూయార్క్ రేవు ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తాలు పేర్లు మార్చేశారని ప్రతి అమెరికన్ కుటుంబంలోనూ ఒక కథ ఉంటుంది. ఆ జాబితాలు రాసింది ఓడ ఎక్కేచోట, ఓడ కంపెనీ వాళ్ళు. న్యూయార్క్‌లో వాటిని సరిచూసుకునేవాళ్ళంతే. పేరు మార్చుకున్నది ఎక్కువగా వీళ్ళే, తర్వాతెప్పుడో, ఫోర్‌మన్ నోరు తిరక్కో, పిల్లల స్కూల్లోనో.

ఆరుగురిలో నలుగురు చిన్నతనంలోనే పోయారని చావుల పుస్తకం చూసి కొట్టేశాం. మిగిలింది ఇద్దరు. ఒకడు 31వ నంబరు ఇంట్లో పుట్టాడు. రెండోవాడి పేజీలో ఇంటి నంబరు గడి సరిగ్గా పుస్తకం మడతలో పడింది, మైక్రోఫిల్మ్ తీసినప్పుడు అది నల్లటి చార అయిపోయింది. మా దగ్గరున్న ఆధారం ఒకే ఒక్క కవరు, 1920ల నాటిది, చెకొస్లొవేకియా స్టాంపు, వెనకాల "చెల్లి, హ్రబుషిత్సె, 112" అని ఉంది. లోపలి ఉత్తరం ఎప్పుడో పోయింది. మడతలో ఉన్నది 112 అయితే మనవాడు దొరికినట్టే.

మూడో రోజు: ఆర్కైవ్

ఈ చుట్టుపక్కలని స్పిష్ అంటారు, ఈ ప్రాంతం పాత పుస్తకాలన్నీ లెవొచాలో ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నాయి. 1950 నుంచి పుట్టుకలు, చావులు రాసే పని పూర్తిగా ప్రభుత్వానిదైంది, చర్చిల్లోని పాత రిజిస్టర్లు ఇలాంటి చోట్లకి చేరాయి. మేం ముందే ఈమెయిల్ రాసి, ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఎందుకు కావాలి అన్నీ చెప్పి ఉంచాం. చెప్పకుండా వెళ్తే కుదరదు. మామూలుగా స్కాన్‌లే చూపిస్తారట, మడత సంగతి రాశాం కాబట్టి అసలు పుస్తకం తెచ్చిపెట్టారు.

బ్యాగులు లాకర్లో, పెన్నులు బయట, పెన్సిల్ మాత్రమే లోపలికి. పుస్తకం తలగడ లాంటి మెత్తటి దానిమీద పెట్టి, మా కౌంటరు మేడమ్ తనే పేజీలు తిప్పింది. అట్ట తోలుది, అంచులు ఎలకలు కొరికినట్టు అరిగిపోయాయి. 1881. గోధుమరంగుకి తిరిగిన సిరా, కుడివైపుకి వాలిన అక్షరాలు. పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, పిల్లాడి పేరు, తల్లిదండ్రులు, ఊరు, ఇంటి నంబరు, జ్ఞాన తల్లిదండ్రులు, పాదిరీ పేరు. ప్రతి వరసలోనూ తల్లి పుట్టింటి పేరు రాసి ఉంది, తప్పిపోయిన వరస ఒక్కటి కనబడలేదు. మా ఇంట్లో తద్దినాల పుణ్యమా అని మూడు తరాల మగవాళ్ళ పేర్లు గడగడా చెప్తారు, మా నానమ్మ అమ్మ పుట్టింటి పేరేమిటో అడిగితే ఒక్కరికీ తెలీదు.

మేడమ్ రెండు బొటనవేళ్ళతో మడత దగ్గర మెల్లగా నొక్కింది. పేజీ ఒక వెంట్రుక వాసి తెరుచుకుంది. మా ఆయన వంగి చూసి నిటారుగా లేచాడు. 87.

112 కాదు. 31 కాదు. 87.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. పాతవాటికి తర్వాత నంబర్లు మార్చి ఉండొచ్చు అంది మేడమ్. మా ఆయన ఫోన్‌లో ఏవో లెక్కలు వేస్తున్నాడు, 87కి 112కి తేడా పాతిక, 31కి పాతిక కలిపితే ఎంత, ఇలాంటి పిచ్చి లెక్కలు. నేను కవరు తిప్పి చూస్తున్నాను. చెల్లి. 1920ల్లో ఆవిడకి ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళుంటాయి. నలభై ఏళ్ళ ఆడమనిషి పుట్టింట్లో కూర్చుని ఉత్తరం ఎందుకు రాస్తుంది?

"అది ఆవిడ అత్తారిల్లు" అన్నాను. నా గొంతు ఆ గదిలో కాస్త గట్టిగానే వినబడింది.

రెండేళ్ళుగా తల్లీకొడుకులు ఆ 112 పట్టుకుని వేలాడారు, నేనూ పక్కనే ఉన్నాను, ఒక్కరికీ తట్టలేదు. అమెరికాలో పుట్టిపెరిగిన వాళ్ళకి తట్టకపోవడం సరే, అప్పగింతల పాటలు విని పెరిగిన నాకేమైంది? మేడమ్‌కి మా ఆయన అనువాదం యాప్‌లో పెట్టి వినిపించాడు. ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చింది.

1895 అక్టోబరు 1 నుంచి హంగరీలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ప్రభుత్వం కూడా రాయడం మొదలుపెట్టింది, ఒక్క స్లొవాక్ ముక్క లేకుండా అంతా హంగేరియన్‌లో. ఆ పెళ్ళిళ్ళ పుస్తకంలో 1900 నుంచి వెతుక్కుంటూ వచ్చాం. 1906లో దొరికింది. పెళ్ళికొడుకు ఇల్లు 112. పెళ్ళికూతురు ఇల్లు 87, వయసు ఇరవై, మా ఇంటిపేరే. ఆవిడ తల్లి పుట్టింటి పేరు, 1881 పిల్లాడి తల్లి పుట్టింటి పేరు ఒకటే. అన్నాచెల్లెళ్ళు! అత్తగారు ఏడ్చారు, మేడమ్ టిష్యూ పెట్టె జరిపింది, అక్కడ ఆ పెట్టె ఎందుకుందో అప్పుడర్థమైంది.

మధ్యాహ్నం 87వ నంబరు ఇంట్లో ఇంకెవరున్నారో చూద్దామని 1873 చావుల పుస్తకం తీయించాం. ఆ ఏడు హంగరీ అంతటా కలరా. వేసవి పేజీలు తిప్పుతుంటే మాటలు ఆగిపోయాయి. జబ్బు పేరు రాసే గడిలో పైన ఒక్కసారి "కలరా" అని రాశాడు పాదిరీ, కింద వరసలన్నీ "పై విధంగానే" అన్న గుర్తులు. మొదటి పేజీలో చేతిరాత ముత్యాల్లా ఉంది, రెండు పేజీలు తిప్పేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, రోజుకి ఎన్ని పూడ్చాడో పాపం. 87వ నంబరు, మూడేళ్ళ పిల్లాడు, పేరు యోహన్నెస్. మా వాడి అన్న. ఎనిమిదేళ్ళ తర్వాత పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు పెట్టుకున్నారు. ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు కనబడితే తప్పు రాశారనుకోకూడదు, ముందువాడు పోయాడేమో చూడాలి.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, వదినగారి తాత దొరికాడా?"

"దొరికాడమ్మా."

"గోత్రమేంటంట?"

"వాళ్ళకి గోత్రాలుండవమ్మా, ఇంటి నంబర్లుంటాయి."

"అదేం చోద్యమే" అని, ఆవిడకి చలివేస్తోందేమో చూసుకోమని చెప్పి పెట్టేసింది.

నాలుగో రోజు: సెలవు

హ్రబుషిత్సె చేరి, పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, పాత ఇంటి నంబర్లకి కొత్తవి ఏవో అడగాలని ప్లాన్. తలుపుకి తాళం. ఆగస్టు 29, 1944లో నాజీల మీద తిరగబడిన రోజు, దేశమంతా సెలవు. టికెట్లు బుక్ చేసింది నేనే, సెలవులు చూసుకోనిది నేనే. దుకాణాలు కూడా మూసేశారు. మర్నాడు శనివారం కాబట్టి ఆఫీసు ఇంక తెరవరు.

మా ఆయన మాత్రం హుషారుగా సుఖా బెలా లోయకి వెళ్ళిపోయాడు. ఈ ఊరు స్లొవాక్ స్వర్గం అనే నేషనల్ పార్కుకి గుమ్మం లాంటిది, జలపాతాల పక్కన ఇనప నిచ్చెనలు ఎక్కుతూ పోవాలి. సాయంత్రం మోకాళ్ళు కొట్టుకుపోయి వచ్చాడు. మేమిద్దరం లాడ్జి వరండాలో కూర్చుని బ్రిండ్జొవె హలుష్కి తిన్నాం, ఆలుగడ్డ పిండితో చేసిన చిన్న చిన్న ఉండల మీద గొర్రెపాల చీజ్. పైన వేపిన పందికొవ్వు ముక్కలు వద్దన్నాను. అది లేకుండా ఎలా తింటావమ్మా అన్నట్టు చూసింది వడ్డించినావిడ. నిజమే, చప్పగా ఉంది. బ్యాగులోంచి కందిపొడి తీసి చల్లుకున్నాను.

ఐదో రోజు: శ్మశానం

పాత సమాధులు ఉంటాయనుకుని వెళ్తే అన్నీ కొత్తవే. నున్నటి నల్లరాయి, బంగారు అక్షరాలు, గాజు దీపాలు. ఇక్కడ సమాధి స్థలం అద్దెకి తీసుకోవాలి, కట్టేవాళ్ళు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. 1881 నాటి మనుషులని రాళ్ళ మీద వెతకడం దండగ. మా ఇంటిపేరు మాత్రం ఎటు చూసినా ఉంది, ఆడవాళ్ళదయితే చివర "ఒవా" చేర్చి. కొన్ని రాళ్ళ మీద బతికున్నవాళ్ళ పేరు కూడా ముందే చెక్కించి, పుట్టిన ఏడు వేసి, పోయిన ఏడుకి జాగా వదిలారు. నాకు ఒళ్ళు జలదరించింది. అత్తగారు "మంచిదే కదా, మళ్ళీ చెక్కేవాణ్ణి పిలిస్తే ఎక్కువడుగుతాడు" అన్నారు.

ఆరో రోజు: ఆదివారం

సెయింట్ లారెన్స్ చర్చి, నిండా జనం. పూజయ్యాక గేటు దగ్గర నల్ల స్కార్ఫ్ కట్టుకున్న ఒక పెద్దావిడ మా అత్తగారి వైపు చూసి ఏదో అంది. నాకు "యేజిష్ క్రిస్తుస్" అన్నది మాత్రం వినబడింది. అత్తగారు ఆలోచించకుండా "నావెకీ, ఆమెన్" అనేశారు. అని, తనే తెల్లబోయారు. యేసుక్రీస్తుకి స్తుతి అని పలకరిస్తే, ఎల్లకాలమూ అని బదులివ్వడం, మనం నమస్కారం పెట్టుకున్నట్టు. చిన్నప్పుడు వాళ్ళ తాత గుమ్మంలోకి వస్తూ అదే అనేవాడట, పిల్లలు ఇదే అనేవాళ్ళట, అర్థం ఏమిటో అరవై ఏళ్ళుగా ఆవిడకి తెలీదు.

ఆ పెద్దావిడ మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి కవరు చూసింది. నంబరు చూసి పెదవి విరిచింది, ఎప్పుడో మారిపోయాయట. ఇంటిపేరు చెప్తే ఇంకా నవ్వింది, ఆ పేరుతో ఊళ్ళో సగం మంది ఉంటే ఎవరని చెప్తుంది? వాళ్ళు గుర్తుపెట్టుకునేది ఇంటికో ముద్దుపేరుతో. మా ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులుంటే ఒకాయన చెరువుగట్టు సుబ్బారావు, ఒకాయన మిల్లు సుబ్బారావు, అలాగన్నమాట. ఇక మా ఆయన 1906 పెళ్ళి కాగితం ఫోటో తీసి చూపించాడు. పెళ్ళికొడుకు ఇంటిపేరు మీద వేలు పెట్టి ఆవిడ ఆగింది. వాళ్ళు తెలుసట. కమ్యూనిస్టుల కాలంలో పొలాలన్నీ సహకార సంఘం కింద కలిపేశాక పిల్లలు కొషిత్సె వెళ్ళిపోయారు. ఎందుకూ అని అడిగాడు మా ఆయన, యాప్‌లో. ఆవిడకి యాప్ అక్కర్లేకపోయింది.

"ఉక్కు ఫ్యాక్టరీ" అంది.

మొదటి రోజు మేం కాళ్ళరిగేలా తిరిగిన ఊళ్ళోనే ఉన్నారన్నమాట వాళ్ళు. ఫోన్ నంబరు ఆవిడ దగ్గర లేదు. నవంబరు ఒకటో తారీకుకి సమాధుల మీద దీపాలు పెట్టడానికి ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు, అప్పుడు ఇస్తాను, ఉత్తరం రాసి నా దగ్గర పెట్టండి అంది.

మా బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. అత్తగారు లాడ్జి వాళ్ళనడిగి ఒక కవరు తెప్పించుకుని బెంచీ మీదే రాశారు, సగం ఇంగ్లీషు, సగం ఆ ముసలమ్మల స్లొవాక్. రెండు పేజీలయింది. అతికించాక కవరు తిప్పి, వెనక పేరు రాయబోయి ఆగి, "అన్న మనవరాలు" అని రాసి, పక్కన పిట్స్‌బర్గ్‌లో మా ఇంటి నంబరు వేశారు.